వేగమునకు కళ్లెము

1896వ సంవత్సరము జనవరి మాసమున ఒకనాడు, ఇంగ్లండు దేశములోని కెంటు మండలమున ప్యాడక్ వుడ్ అను ఊరి వీధిలో ఒక వింత బండి పోవుచుండెను. దానికి గుఱ్ఱములు లేవు. దడదడ ధ్వని చేయుచు అది తనంతట తానే దొర్లిపోవుచుండెను. దానిని చూచిన పోలీసు జవాను ఒకడు సైకిలెక్కి వెంబడించెను. కొన్ని మైళ్లు తొక్కిన పిమ్మట ఆ బండిని అందుకొని, దానిని నడపుచున్న వాల్టర్ ఆర్నాల్డు అను వర్తకునిపై నేరము మోపెను. ఇంతకును ఆ వర్తకుడు చేసిన నేరమేమి? గంటకు 2 మైళ్లకు మించి పోరాదని చట్టమున్న చోట అతడు సుమారు 8 మైళ్ల వేగమున పోయెను! న్యాయాధికారులు ఈ నేరమునకు 1 షిల్లింగు జరిమానాయు, ఖర్చులును విధించిరి. బ్రిటను దేశమున మోటారు వేగమునకై శిక్ష పొందిన మొదటి వాడు ఆర్నాల్డే యని చెప్పుదురు.

నేటి బాలురకు ఈ కథ నవ్వు పుట్టించును. సైకిలుపై వచ్చిన జవానుకు చిక్కిన కారు ఏమి కారు! కాని ఆనాటి చట్టమునకు కారణము లేకపోలేదు. 1865లో పార్లమెంటు ఆవిరి యంత్రపు బండ్లను దృష్టియందుంచుకొని ఒక శాసనము చేసెను. దాని ప్రకారము యంత్రపు బండి పల్లెలలో గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు మించి పోరాదు. బండికి 60 గజముల ముందుగా ఒక మనుష్యుడు ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. గుఱ్ఱములు బెదరకుండుటకును, బాటసారులు ప్రక్కకు తొలగుటకును ఈ ఏర్పాటు చేసిరి. 1878లో జెండా నియమమును సడలించిరి గాని, ముందొక మనుష్యుడు నడువవలెనను నియమము నిలిచియే యుండెను. ఆర్నాల్డు శిక్ష పొందిన యేడాదియే, నవంబరు మాసమున ఆ పాత కట్టుబాట్లు తొలగిపోయినవి. తేలికపాటి మోటారు బండ్లు గంటకు 14 మైళ్ల వరకు పోవచ్చునని క్రొత్త చట్టము వచ్చెను. ఆ సంతోషమున మోటారు బండ్లవారు లండను నుండి బ్రైటనుకు ఊరేగింపుగా పోయిరి.

ఆనాడు మొదలైన వాదము నేటికిని ముగియలేదు. “బండి నడపుట నాకు తెలియును, నా వేగమును నిర్ణయించుటకు నీవెవరవు?” అని చోదకుడు ప్రశ్నించును. “దారి నీ ఒక్కనిది కాదు” అని సంఘము బదులు చెప్పును. ఈ రెండు మాటల నడుమ నడచిన చరిత్రయే బ్రిటను దేశపు వేగ పరిమితుల చరిత్ర.

1903లో మోటారు కార్ల చట్టము వచ్చెను. పరిమితి గంటకు 20 మైళ్లకు పెరిగెను. ప్రతి బండికిని ఒక నంబరు పలక యుండవలెనని శాసించినది కూడ ఈ చట్టమే. 1904 జనవరి 1వ తేది నుండి ఇది అమలులోనికి వచ్చెను. పోలీసులు రోడ్డు ప్రక్క నిర్ణీత దూరమును కొలిచి గుర్తులు పెట్టి, పొదలచాటున దాగి, చేతిలో స్టాప్ వాచీతో కారుల వేగమును లెక్కించుచుండిరి. చోదకులకు ఇది దారి దోపిడివలె తోచెను. కొందరు కలిసి 1905లో ‘ఆటోమొబైల్ అసోసియేషన్’ అను సంఘమును స్థాపించిరి. ఈ సంఘపు భటులు సైకిళ్లపై తిరుగుచు, పోలీసులు ఎక్కడ పొంచియున్నదియు తమ సభ్యులకు ముందుగా తెలుపుచుండిరి.

ఇట్లు తెలుపుట పోలీసుల విధులకు ఆటంకము కలిగించుటయే యని కొన్నాళ్లకు న్యాయస్థానము తీర్పు చెప్పెను. అప్పుడు సంఘమువారు ఒక ఉపాయమును కనిపెట్టిరి. సంఘపు చిహ్నమున్న కారు కనబడినపుడెల్ల భటుడు సలాము చేయును. ముందు పోలీసులున్నచో సలాము చేయడు. “భటుడు సలాము చేయనిచో బండి నాపి కారణమడుగుడు” అని సంఘము సభ్యులకు చెప్పియుంచెను. సలాము చేయకపోవుట నేరమని ఏ న్యాయస్థానము చెప్పగలదు? ఈ యెత్తునకు చోదకులు మురిసిపోయిరి. కాని చట్టమును పాలించువారికిని, పాటింపవలసిన వారికిని నడుమ దొంగాట మొదలైనచో, దారిన నడచు సామాన్యుని క్షేమము ఎవరికిని గుర్తుండదు.

1930 నాటికి ఆ 20 మైళ్ల పరిమితిని పాటించువారు దాదాపు లేకపోయిరి. అందరును ఉల్లంఘించు చట్టము మిగిలిన చట్టముల గౌరవమును గూడ చెఱచునని తలచి, పార్లమెంటు ఆ యేడు కార్లకు వేగ పరిమితినే తీసివేసెను. చోదకుల మంచితనమును నమ్మి చేసిన పని యది. దాని ఫలితము సంతోషకరముగా లేదు. ఆ కాలమున దేశమందున్న మోటారు బండ్లు సుమారు 23 లక్షలు మాత్రమే. అయినను 1930లోను, 1934లోను రోడ్లపై మరణించినవారి సంఖ్య ఏడాదికి 7,000 మించెను. వారిలో పాదచారులును, సైకిళ్లవారును ఎందరో కలరు. తుదకు 1935 మార్చి 18 నుండి, ఇండ్లు దట్టముగా నున్న ప్రాంతములలో గంటకు 30 మైళ్ల పరిమితిని మరల విధించిరి. దేశమున పెక్కు చోటుల అది నేటికిని నిలిచియున్నది.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ‘మోటారువే’ అను క్రొత్త రకపు రాజమార్గములు వెలసినవి. వీటియందు పాదచారులుండరు, సైకిళ్లు రావు, అడ్డుదారులు కలియవు, ఎదురు బండ్లు వేరొక బాటలో పోవును. 1958 డిసెంబరు 5న ప్రెస్టను పట్టణము ప్రక్కగా సుమారు 8 మైళ్ల మోటారువేను ప్రధానమంత్రి హెరాల్డ్ మాక్మిలన్ ప్రారంభించెను. మఱుసటి యేడు నవంబరు 2న ‘ఎమ్ 1’ అను రాజమార్గపు మొదటి భాగము తెరచిరి. ఆ దారిపై ఎంత వేగముగా నైనను పోవచ్చును. 1964లో ఒక పందెపు కారును పరీక్షించుచు ఒక చోదకుడు ఎమ్ 1 మీద గంటకు 180 మైళ్లకు పైగా నడిపెను. అది ఆనాడు చట్టవిరుద్ధము కాదు.

1965 సంవత్సరాంతమున దట్టమైన పొగమంచులో మోటారువేల మీద ఘోర ప్రమాదములు జరిగినవి. ముందున్నది కానరాకున్నను వేగము తగ్గింపక పోయినందున ఒక బండి వెనుక ఒక బండి వచ్చి గుద్దుకొన్నవి. అందుచే ఆ యేడు డిసెంబరు 22 నుండి గంటకు 70 మైళ్లు, అనగా సుమారు 113 కిలోమీటర్లు మించరాదని ప్రభుత్వము తాత్కాలికముగా శాసించెను. నాలుగు నెలల పరీక్షగా మొదలైన ఈ నియమము, ప్రమాదములు తగ్గినవని పరిశోధకులు తేల్చిన పిమ్మట 1967లో స్థిరపడెను. 1973లో చమురు కొఱత వచ్చినపుడు కొన్ని నెలలు 50 మైళ్లకు తగ్గించిరి. ఆ కొద్ది కాలము తప్ప, మోటారువేలపై 70 మైళ్ల పరిమితియే నేటి వరకును సాగుచున్నది.

చట్టము చేయుట సులభము. కోట్లకొలది బండ్లను కనిపెట్టుట కష్టము. ప్రతి మలుపునను పోలీసును నిలుపుట సాధ్యము కాదు. ఆ పనిని చేయ వచ్చినదే వేగమును కొలుచు కెమెరా. దీని పుట్టుక విచిత్రమైనది. మారిస్ గాట్సొనిడీస్ అను డచ్చి దేశీయుడు మోటారు పందెములలో ఆరితేరినవాడు. 1953లో ప్రసిద్ధమైన మాంటి కార్లో పందెమున నెగ్గినవాడు. మలుపులలో తన కారు ఎంత వేగముగా పోవుచున్నదో తెలిసికొని, ఇంకను వేగముగా పోవలెనని అతడొక కొలత యంత్రమును నిర్మించెను. వేగమును పెంచుటకై పుట్టిన ఆ యంత్రమే కాలక్రమమున వేగమును అరికట్టు సాధనమై, అతని పేరుననే ‘గాట్సో’ యని లోకమున వ్యాపించెను.

గాట్సో పనిచేయు తీరు ఇట్టిది. దారి ప్రక్క స్తంభముపై నున్న పెట్టె నుండి రాడారు తరంగములు వెలువడి, పోవుచున్న బండిని తాకి తిరిగి వచ్చును. ఆ తరంగములలో కలిగిన మార్పును బట్టి బండి వేగము తెలియును. వేగము మితిమీరినచో కెమెరా అర సెకను ఎడముతో రెండు ఛాయాచిత్రములను తీయును. రోడ్డుపై సమాన దూరములలో తెల్లని గీతలు గీచియుందురు. మొదటి చిత్రమునకును, రెండవ చిత్రమునకును నడుమ బండి ఎన్ని గీతలు దాటెనో లెక్కించినచో రాడారు చెప్పినది నిజమో కాదో తేలును. నంబరు పలక చిత్రమున స్పష్టముగా పడును. 1991 నాటి చట్టము ఇట్టి చిత్రములను సాక్ష్యముగా స్వీకరించుటకు అనుమతింపగా, 1992లో లండను పశ్చిమ భాగమున ట్వికెనహామ్ వంతెన వద్ద బ్రిటనులోని మొదటి గాట్సో వెలసెను.

దీనికి తరువాత వచ్చినది సగటు వేగపు కెమెరా. ఒక చోట ఒక కెమెరా బండి నంబరును చదివి కాలమును వ్రాసికొనును. కొన్ని మైళ్ల తరువాత మఱొక కెమెరా అదే నంబరును మరల చదువును. దూరమును కాలముచే భాగించినచో సగటు వేగము వచ్చును. కెమెరా ముందు మాత్రము నెమ్మదించి, దానిని దాటగనే దౌడు తీయు చోదకుని యుక్తి దీని వద్ద పారదు.

కెమెరాకు చిక్కినవాని సంగతి యేమగును? సాధారణముగా 14 దినములలోపల బండి యజమానికి నోటీసు రావలెను. ఆ సమయమున బండి నడపినది ఎవరో అతడు 28 దినములలోపల తెలుపవలెను. స్వల్పమైన నేరమైనచో, రుసుము చెల్లించి, వేగము వలని ప్రమాదములను బోధించు తరగతికి పోవుటకు అవకాశమిత్తురు. లేనిచో 100 పౌండ్లు చెల్లింపవలెను. లైసెన్సుపై 3 పాయింట్లు పడును. మూడేండ్లలో 12 పాయింట్లు చేరినవాడు సాధారణముగా కొంతకాలము బండి నడపు హక్కునే కోల్పోవును. నేరము పెద్దదైనచో న్యాయస్థానమునకు పోవలసివచ్చును.

“నాపై నేనే సాక్ష్యము చెప్పుకొనవలెనా? మౌనముగా నుండు హక్కు నాకు లేదా?” అని ఇద్దరు చోదకులు ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానము వరకు పోయిరి. బండి నడపుటకు పూనుకొన్నవాడు దానితో వచ్చు బాధ్యతలను గూడ అంగీకరించినట్లేయనియు, నడపినది ఎవరో చెప్పుమనుట అన్యాయము కాదనియు 2007లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఈ బాధ్యతను తప్పించుకొనబోయి చెడిన ఒక ప్రముఖుని కథ ఆ దేశమున అందరికిని తెలిసినదే. 2003లో అతని కారు ఎమ్ 11 మోటారువేపై కెమెరాకు చిక్కెను. పాయింట్లు పడినచో లైసెన్సు పోవునను భయముతో, నడపినది తన భార్యయని వ్రాయించెను. కొలది నెలలకే వేరొక నేరమునకు అతని లైసెన్సు పోనే పోయెను! తరువాత అతడు మంత్రియయ్యెను. దాచిన సంగతి యేండ్లకు బయటపడగా, 2012లో పదవి విడిచెను. 2013లో భార్యాభర్తలిద్దరికిని ఎనిమిదేసి నెలల చెఱసాల శిక్ష పడెను. వేగమునకు శిక్ష కొలదిపాటి జరిమానా. అబద్ధమునకు శిక్ష చెఱసాల.

ఇక కెమెరాలను గూర్చి చోదకులు చెప్పు మాటలను విచారింపవలెను. వారి ఆక్షేపణలన్నియు కేవలము కోపమున పుట్టినవి కావు.

మొదటి ఆక్షేపణ ధనమును గూర్చినది. “ఈ కెమెరాలు ప్రాణములు కాపాడుటకు కాదు, ఖజానా నింపుటకు” అని వారందురు. 2000 నుండి 2007 వరకు ఒక పద్ధతి యుండెను. కెమెరాలు నడపు స్థానిక సంఘములు తమ ఖర్చులను జరిమానాల నుండి తీసికొనుచుండెడివి. పట్టినవాని సొమ్ము పట్టువానికే చేరినచో అనుమానము కలుగుట సహజము. పైగా తొలినాళ్లలో కెమెరాలు బూడిద రంగున నుండి, చెట్లచాటున కనబడకుండెడివి. ఈ నింద తొలగుటకై ప్రభుత్వము వాటికి పసుపుపచ్చ రంగు వేయింపబూనెను. ఆపై 2007లో జరిమానాకును ఖర్చునకును గల లంకెను తెంచెను. దొంగచాటుగా పట్టుట కంటె, కనబడి హెచ్చరించుట మేలని దీని భావము.

రెండవ ఆక్షేపణ న్యాయమును గూర్చినది. “కెమెరా అంకెను చూచును గాని నడవడిని చూడదు. ఎండ కాయుచున్న ఉదయమున ఖాళీ దారిపై 80 మైళ్లు పోవువానిని అది పట్టును. వర్షమున 65 మైళ్ల వేగముతో ముందు బండిని అంటుకొని పోవువానిని విడిచిపెట్టును. త్రాగి నడపువానిని, ఫోనులో మాటలాడుచు నడపువానిని గాట్సో గుర్తింపదు. వివేకము గల పోలీసు స్థానమున వివేకము లేని పెట్టెను నిలిపిరి” అని వీరి వాదము. ఇందు సత్యము కలదు. అందుకే కెమెరా పోలీసునకు తోడు కావలెనే కాని బదులు కారాదని ఆలోచనాపరులు చెప్పుదురు.

మూడవ ఆక్షేపణ 70 అను అంకెను గూర్చినది. “ఈ పరిమితి 1965 నాటిది. ఆనాటి కార్ల బ్రేకులెక్కడ, నేటి కార్ల బ్రేకులెక్కడ! మోటారువేలే దేశమున అన్నిటికంటె క్షేమకరమైన దారులు. అడ్డులేని సమయమున దాదాపు సగము కార్లు 70 మైళ్లు దాటియే పోవుచున్నవి. ఇందరు ఉల్లంఘించు చట్టము సరియైనదా? ఫ్రాన్సులో పరిమితి గంటకు 130 కిలోమీటర్లు. జర్మనీలో పెక్కు రాజమార్గములకు పరిమితియే లేదు గదా!” అని వీరందురు. 1930లో వినబడిన వాదమునకు ఇది మనుమరాలు వంటిది. 2011లో ప్రభుత్వము గూడ పరిమితిని 80 మైళ్లకు పెంచు ఆలోచనను ప్రకటించెను. కాని ఆ ఆలోచన ఆచరణకు రాలేదు.

లారీ చోదకుల మాట వేరు. వారి పెద్ద బండ్లను గంటకు 56 మైళ్లు మించి పోకుండ యంత్రమే కట్టివేయును. కార్లు మిక్కిలి వేగముగా వచ్చి, వారి ముందు దూరి, హఠాత్తుగా బ్రేకు వేసినచో ఆ బరువును నిలుపుట వారికి ప్రాణసంకటము. అందఱును ఇంచుమించు ఒకే వేగమున పోయినచో దారి ప్రశాంతముగా నుండునని వారి కోరిక. ఇక రోడ్డు మరమ్మతులు జరుగుచోట 50 మైళ్ల పరిమితిని చూచి, “పనివారెవరును లేరు గదా, ఈ నియమమెందుకు?” అని కార్లవారు విసుగుకొందురు. ఈ విసుగును గమనించి, తగిన చోటుల 60 మైళ్ల వరకు అనుమతించుటకు 2020లో అధికారులు అంగీకరించిరి. కాని పలుచని శంకువుల వరుస అవతల నిలిచి పనిచేయు కూలివానికి, తన ప్రక్కనుండి దూసుకొనిపోవు ప్రతి కారును ఒక బెదరింపే.

ఈ వాదములకు ప్రతివాదము అంకెలలోనే కలదు. బ్రిటను దేశపు రోడ్డు నియమముల పుస్తకము ప్రకారము, 70 మైళ్ల వేగమున పోవు కారు ఆగుటకు 96 మీటర్లు కావలెను. ఇందు అడ్డమును చూచి చోదకుని కాలు బ్రేకును నొక్కులోపల గడచునవి 21 మీటర్లు; బ్రేకు పట్టిన పిదప గడచునవి 75 మీటర్లు. వేగము హెచ్చినచో మొదటి దూరము అదే నిష్పత్తిలో పెరుగును. రెండవది మాత్రము వేగపు వర్గమును బట్టి పెరుగును. 80 మైళ్ల వేగమున ఆ రెండును వరుసగా సుమారు 24, 98 మీటర్లగును. మొత్తము 122 మీటర్లు.

ఒక దృష్టాంతమును తీసికొందము. రెండు కార్లు ప్రక్కప్రక్కగా పోవుచున్నవి. ఒకటి 70 మైళ్లు, మఱొకటి 80 మైళ్లు. ఇద్దరు చోదకులును సమర్థులే. రెండు కార్ల బ్రేకులును సమానమే. సరిగా 96 మీటర్ల ముందు బండ్లు నిలిచిపోయియుండుటను ఇద్దరును ఒకే క్షణమున చూచిరి. మొదటి కారు ఆ బండ్ల వెనుక వచ్చి ఆగిపోయెను. రెండవ కారు అదే చోటికి వచ్చునప్పటికి దాని వేగమెంత? పది మైళ్లే హెచ్చు గనుక పది మైళ్ల వేగముండునని తలంచువారే పెక్కురు. లెక్క చూచినచో ఇంకను సుమారు 40 మైళ్ల వేగముండును! మొదటివాడు నిట్టూర్పు విడిచి ఇంటికి పోవును. రెండవవాని యింటికి కబురు పోవును. ఇంతకును ఆ పది మైళ్ల వలన మిగులు కాలమెంత? నూఱు మైళ్ల ప్రయాణమున సుమారు 11 నిమిషములు మాత్రమే. నేటి కార్ల బ్రేకులు మెఱుగైన మాట నిజమే. కాని చూచి, గ్రహించి, కాలు కదపుటకు మనుష్యునకు పట్టు కాలము 1965లో ఎంతయో నేడును అంతే.

కెమెరాలు నిజముగా ప్రమాదములను తగ్గించినవా? 2005లో ప్రకటింపబడిన ఒక నివేదిక, కెమెరాలున్న చోట మరణించినవారి, తీవ్రముగా గాయపడినవారి సంఖ్య 42 శాతము తగ్గెనని తెలిపెను. కాని దీనిని యథాతథముగా నమ్మరాదని గణిత శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. ఏలయనగా, ప్రమాదములు మిక్కిలి హెచ్చుగా జరిగిన చోటనే కెమెరాను పెట్టుదురు. ఒక యేడు దురదృష్టవశమున హెచ్చిన ప్రమాదములు, కెమెరా పెట్టకున్నను మఱుసటి యేడు కొంత తగ్గును. జ్వరము మిక్కిలి హెచ్చిననాడు మందు వేసి, మఱునాడు తగ్గినచో ఆ కీర్తినంతయు మందునకే ఇచ్చుట వంటిదిది. ఈ లోపమును సవరించి చూచినను కెమెరాల వలన మేలు కలదనియే తేలినది. అయితే ఆ మేలు మొదట చెప్పినంత పెద్దది కాదు. కెమెరాకు సమీపమున ప్రమాదములు తగ్గినను, దానిని దాటి కొంత దూరము పోయిన పిదప చోదకులు మరల వేగము పెంచుచున్నారని 2017లో లండనులోని ఒక పరిశోధన చూపెను. సగటు వేగపు కెమెరాల ఉపయోగమిచట తెలియుచున్నది.

రెండు పట్టణ ప్రాంతముల అనుభవమును గూడ చెప్పవలెను. స్విండను పురపాలకులు, ఆ ధనముతో ఇతర క్షేమ కార్యములు చేయుట మేలని తలచి, 2009లో తమ స్థిర కెమెరాలను తీసివేసిరి. ఆక్స్‌ఫర్డు మండలమువారు ధనము చాలక 2010 ఆగస్టులో కెమెరాలను ఆర్పివేసిరి. కాని వేగము మీరువారు హెచ్చిరని గమనించి, 2011 ఏప్రిలులో వాటిని మరల వెలిగించిరి. పిల్లి లేని యింట ఎలుకల ఆటవలె, చూచువాడు లేనిచో నియమమును మఱచుట మనుష్య స్వభావము.

1966లో బ్రిటను రోడ్లపై మరణించినవారు దాదాపు 8,000 మంది. నేడు బండ్లు ఎన్నో రెట్లు పెరిగినను ఏడాదికి మరణములు సుమారు 1,600. ఈ ఫలితము కెమెరా ఒక్కదాని వలన రాలేదు. నడుము పట్టీలు, మంచి దారులు, మంచి బ్రేకులు, త్రాగి నడపరాదను కఠిన నియమములు, వైద్య సహాయము, వేగ పరిమితులు, అన్నియు కలిసి సాధించిన ఫలమిది. అందు చోదకుల సహకారమును గూడ లెక్కింపవలెను. ఏలయనగా, ఎన్ని కెమెరాలున్నను అవి చూడని దారి, చూచు దారికంటె ఎన్నో రెట్లు పొడవైనది.

కావున చోదకుల ఆక్షేపణలను త్రోసివేయుట వివేకము కాదు. వారి మాట వలననే కెమెరాలు చాటు వీడి బహిరంగముగా నిలిచినవి. జరిమానా సొమ్ము లెక్క సరియైనది. నియమమును ప్రశ్నించుట పౌరుని హక్కు. ప్రశ్నించుచున్నను, అది మారు వరకు దానిని పాటించుట పౌరుని ధర్మము. ఒక శతాబ్దమునకు పూర్వము సంఘపు భటుడు సలాము చేయనిచో ముందు పోలీసు ఉన్నాడని చోదకుడు గ్రహించి, వేగము తగ్గించుకొనెడివాడు. మలుపు అవతల నున్నది పోలీసు కాక, బంతి వెనుక పరుగిడు పసిబాలుడైనచో, వాని కొఱకు సలాము మానువాడెవడు? ఆ హెచ్చరిక చోదకుని మనస్సులోనే పుట్టవలెను. గుఱ్ఱమునకు కళ్లెము రౌతు చేతనుండును. యంత్రమునకు కళ్లెము గూడ నడపువాని చేతనే యుండుట మేలు.